తిరుపతిలో ఉండి సల్ఫర్ జియోకెమిస్ట్రీ చేయొచ్చా?

ప్రశ్న: తిరుపతిలో ఎమ్మెస్సీ జియాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. సెడిమెంట్లలో సల్ఫర్, ట్రేస్ ఎలిమెంట్స్ మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. మా దగ్గర పెద్ద మిషన్లేమీ లేవు. ఇంట్లోవాళ్లు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవమంటున్నారు. ఈ రంగంలో భవిష్యత్తు ఉందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

మిషన్ల మాట చదవగానే నవ్వొచ్చింది. 1990ల చివర్లో శ్రీకాళహస్తి నుంచి పాసింజర్ బండిలో తిరుపతికి తిరుగుతూ ఎమ్మెస్సీ చదివినప్పుడు నా దిగులూ అదే. పీహెచ్‌డీ సీటు వచ్చిందని ఇంట్లో చెప్తే, దేని మీద అని అడిగాడు మా నాయన. చెరువుల అడుగున, సముద్రం అడుగున ఉండే బురద మీద అన్నాను. "ఇంత సదివి బురద ఎత్తేదానికి పోతావామ్మా?" అన్నాడు. ఆయన అన్నంత పనీ అయింది. పాతికేళ్లుగా అదే ఎత్తుతున్నాను.

సూటిగా చెప్పాలంటే, చేయొచ్చు. ఈ రంగంలో పని చెడేది ఎక్కువగా మిషన్ దగ్గర కాదు, అంతకు చాలా ముందే, బురదను గాలి తగలకుండా ల్యాబ్ దాకా తేవడంలో. మిషన్ మీది కాకపోయినా శాంపిల్‌కి ఇంతని కట్టి చేయించుకోవచ్చు. గాలి తగిలి పాడైన శాంపిల్‌ని మాత్రం ఎన్ని కోట్ల మిషనూ బాగుచేయలేదు. ఈ సంగతి నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే పీహెచ్‌డీ మొదటి ఏడాది వృథా అయ్యేది కాదు.

ఎందుకలా అంటున్నానో అర్థం కావాలంటే సూళ్లూరుపేట, తడ వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్లతో ఒకసారి మాట్లాడండి. "అడుగు నల్లబడింది, గ్యాస్ వస్తా ఉంది" అంటారు. మీ సబ్జెక్టు మొత్తం ఆ మాటలో ఉంది. మేత మిగిలి అడుగున కుళ్లితే అక్కడున్న ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు ఆక్సిజన్‌తో పనిలేని బాక్టీరియా ఉప్పునీటిలోని సల్ఫేట్ మీద బతకడం మొదలుపెడుతుంది. మనం ఆక్సిజన్ పీల్చినట్టు అవి సల్ఫేట్ తీసుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. ఆ కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది కాబట్టి వాటికి ఊపిరికి లోటుండదు. తీరం దగ్గరి సముద్రపు అడుగున కుళ్లే పదార్థంలో దాదాపు సగం ఈ బాక్టీరియా చేతుల మీదుగానే పోతుందని 1982లో యోర్గెన్సెన్ అనే డేనిష్ శాస్త్రవేత్త లెక్కగట్టాడు.

బయటికొచ్చిన సల్ఫైడ్ ఊరికే ఉండదు. మట్టిలోని ఇనుమును పట్టుకుంటుంది. ముందు నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది, అడుగు నల్లబడేది దానివల్లే. తర్వాత అది ఇంకొంత సల్ఫర్ కలుపుకుని పైరైట్ అనే ఖనిజంగా మారుతుంది. ఈ దారిని మొదట తీరుగా వివరించింది యేల్ యూనివర్సిటీ రాబర్ట్ బెర్నర్, 1970లో. పైరైట్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే సన్నటి స్ఫటికాలన్నీ గుండ్రంగా ముద్దకట్టి కనిపిస్తాయి. ఫ్రెంచివాళ్ల రాస్‌బెర్రీ పండు పేరు మీద వాటిని ఫ్రాంబాయిడ్ అంటారు. తిరుపతివాళ్లు పేరు పెట్టి ఉంటే లడ్డూ అనేవాళ్లం. అచ్చం బూందీ అంటుకున్నట్టే ఉంటుంది, కాకపోతే మిల్లీమీటరులో వందో వంతు ఉంటే పెద్ద లడ్డూ కింద లెక్క. వాటి సైజు కొలిచి అప్పటి నీటిలో ఆక్సిజన్ ఉందా లేదా అని ఊహించేవాళ్లూ ఉన్నారు. సగటున 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకన్నా చిన్నవి, అన్నీ ఒకే సైజులో ఉంటే నీళ్లలోనే సల్ఫైడ్ ఉండేదని అనుమానించాలి.

ఇక నా మొదటి ఏడాది కథ. పులికాట్ సరస్సులో మూడంగుళాల పీవీసీ పైపు దించి అర మీటరు కోర్, అంటే పొరలు చెదరకుండా నిలువు మట్టి కడ్డీ, తీశాను. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం. పైపు రెండు చివర్లూ మూతలేసి జీపు వెనక పెట్టాం. పై మూత కింద నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. దాన్ని పట్టించుకోలేదు. దారిలో భోజనానికి ఆగాం, పంక్చరైంది, ల్యాబ్‌కి చేరేసరికి చీకటి పడింది. తెల్లారి కోసి చూస్తే పై భాగమంతా గోధుమరంగు. నేను చేత్తో తీసినప్పుడు కాటుకలా ఉన్న మట్టి అది. గాలి తగిలితే ఆ నల్లటి ఐరన్ సల్ఫైడ్ గంటల్లో తుప్పుగా, సల్ఫేట్‌గా మారిపోతుంది. నేనది చదివే ఉన్నాను, కానీ చదవడం వేరు. రెండు నెలలు కూర్చుని ఆ కోర్ మీదే ఎనాలిసిస్ చేశాను, ఎందుకంటే కొత్త కోర్‌కి డబ్బుల్లేవు. పై భాగాల్లో తేలిగ్గా కరిగే సల్ఫైడ్ సున్నాకి దగ్గరగా వచ్చింది. మా గైడ్‌గారు టేబుల్ చూసి, "ఇది పులికాట్ గురించి చెప్పట్లేదమ్మా, మీ జీపు గురించి చెప్తోంది" అన్నారు.

తర్వాత నేర్చుకున్నది మీకు ఉచితంగా ఇస్తున్నాను. కోర్ పైన ఖాళీ లేకుండా అక్కడి నీళ్లే నింపి మూత పెట్టాలి. పైపు నిలువుగానే ఉండాలి, పడుకోబెడితే పొరలు కలిసిపోతాయి. వీలైతే ఒడ్డునే నైట్రోజన్ నింపిన పాలిథిన్ సంచిలో చేతులు పెట్టి ముక్కలు కోసి, ప్రతి ముక్కనూ వెంటనే గడ్డకట్టించాలి. మెత్తగా ఉన్నప్పుడే జింక్ అసిటేట్ ద్రావణంలో వేస్తే సల్ఫైడ్ తెల్లటి జింక్ సల్ఫైడ్‌గా అక్కడికక్కడే నిలిచిపోతుంది. లిక్విడ్ నైట్రోజన్ ఎక్కడ దొరుకుతుందా అని మీరు చెన్నై దాకా ఫోన్లు చేయనక్కర్లేదు. మన జిల్లాల్లో పాడి ఎంత ఉందో తెలుసుగా. పశువులకు సూది వేసే కేంద్రాల్లో వీర్యం స్ట్రాలు దాచేది అందులోనే. తెలిసిన పశువుల డాక్టరుగారు నాకు మొదటిసారి సగం క్యాన్ ఇచ్చారు, బదులుగా పులికాట్ పీతలు తెచ్చిపెట్టాను. క్యాన్ మూత మాత్రం ఎప్పుడూ బిగించకండి, లోపల గ్యాస్ పెరిగి పేలుతుంది. కారు అద్దాలు దించి ఉంచండి.

ల్యాబ్ పనిలో నాకు ఇప్పటికీ ఇష్టమైనది డిస్టిలేషన్. కాన్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1986లో స్థిరపరిచిన పద్ధతి. గుండ్రటి ఫ్లాస్కులో ఒక గ్రాము ఎండు మట్టి, కింద హీటర్, ఒక గొట్టం గుండా నైట్రోజన్ బుడగలు. అందులోకి యాసిడ్, క్రోమియం క్లోరైడ్ పోస్తారు. ఈ క్రోమియం ద్రావణం మామూలుగా ముదురాకుపచ్చగా ఉంటుంది, జింక్ ముక్కల మీదుగా వెళ్లి వచ్చాక నీలంగా మారుతుంది. మంచి ఆకాశనీలం. ఆ నీలం ఉన్నంతసేపే దానికి పైరైట్‌ను విడగొట్టే శక్తి. మళ్లీ పచ్చబడితే పారబోయడమే. ఫ్లాస్కు ఒక గంట కుతకుతా ఉడికితే మట్టిలోని పైరైట్ సల్ఫర్ అంతా హైడ్రోజన్ సల్ఫైడ్‌గా లేచి, గొట్టం గుండా పక్క గాజు గొట్టంలోని సిల్వర్ నైట్రేట్‌లో పడుతుంది. మొదటి బుడగ తాకిన చోట నల్లటి చార, పాలల్లో కాటుక చుక్క వేసినట్టు. ఇంకో ఐదు నిమిషాలకి గొట్టం అంతా నలుపు. దాన్ని వడగట్టి, ఆరబెట్టి, తూకం వేస్తే సిల్వర్ సల్ఫైడ్. అందులో బరువుకు 12.9 శాతం సల్ఫర్. మట్టిలో ఒక శాతం పైరైట్ సల్ఫర్ ఉంటే ఒక గ్రాముకి 77 మిల్లీగ్రాముల నల్ల పొడి వస్తుంది. చూశారా, ఇంతవరకూ తూకం తప్ప మిషన్ లేదు. ఆ పొడినే ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో వేర్వేరు బరువులున్న పరమాణువులు, కొలిచే ల్యాబ్‌కి చిన్న సీసాలో కొరియర్ చేయొచ్చు, అది గాలికి పాడవదు.

ఒక హెచ్చరిక ఇక్కడే. ఈ పని పొగ లాగే ఫ్యూమ్‌హుడ్ లేకుండా చేయకండి, ఒంటరిగా రాత్రిపూట అసలే చేయకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో వంద) దాటితే ముక్కు మొద్దుబారుతుంది. వాసన తగ్గింది కదా అని దగ్గరికి వెళ్తే అక్కడే పడిపోతారు. మట్టిని పూర్తిగా కరిగించడానికి వాడే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఇంకా ప్రమాదం. మొదట మంట కూడా తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఎముకల దాకా పోతుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ ట్యూబ్ బల్ల మీద కనిపించేలా లేని ల్యాబ్‌లో ఆ సీసా మూత తీయనని చెప్పండి. గైడ్ కోప్పడినా ఫర్వాలేదు.

ట్రేస్ ఎలిమెంట్స్, అంటే మట్టిలో అతి కొద్దిగా ఉండే మూలకాల సంగతికి వస్తే, అన్నీ ఒకేసారి చేయాలని పోకండి. నలభై మూలకాల టేబుల్ పెట్టి రెండు పేజీల్లో ఏమీ చెప్పని థీసిస్‌లు నేను చాలా చూశాను. ఒకటి తీసుకుని దాని స్వభావం తెలుసుకోండి. నేను మాలిబ్డినం తీసుకున్నాను. భూమి పైపొరలో అది ఒకటి, ఒకటిన్నర పీపీఎం మాత్రమే. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 10 మైక్రోగ్రాములు, ఆక్సిజన్ ఉన్నంతకాలం ఎవరి జోలికీ పోకుండా తిరుగుతుంటుంది. నీటిలో సల్ఫైడ్ పెరిగితే దాని చుట్టూ ఉన్న నాలుగు ఆక్సిజన్ పరమాణువుల చోట ఒక్కొక్కటిగా సల్ఫర్ వచ్చి కూర్చుంటుంది. అలా మారాక దానికి మట్టి కణాలకు, సేంద్రియ పదార్థానికి అంటుకునే గుణం వస్తుంది, అడుక్కి చేరుతుంది. అందుకే సల్ఫైడ్ మట్టిలోపలి నీటిలోనే ఉండి పైన నీళ్లు బాగుంటే మాలిబ్డినం 25 పీపీఎం లోపే ఆగుతుంది. నీటి మొత్తంలోనే సల్ఫైడ్ ఎప్పుడూ ఉంటే వంద దాటుతుంది. కోట్ల ఏళ్ల నాటి నల్లటి షేల్ రాయిలో ఈ అంకె చూసి అప్పటి సముద్రం గురించి మాట్లాడగలగడం, నన్ను ఈ పనిలో కట్టిపడేసింది అదే. అంకెను నేరుగా పోల్చకండి, అల్యూమినియంతో భాగించి పోల్చండి. బంకమట్టి ఎక్కువున్న పొరలో అన్ని లోహాలూ ఎక్కువే కనిపిస్తాయి.

నా రెండో తప్పు ఇక్కడ జరిగింది, ఇది ఇంకొంచెం సిగ్గుపడాల్సింది. మూలకాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్ అనే మిషన్ అందుబాటులోకి వచ్చిన కొత్తలో నా శాంపిళ్లలో ఆర్సెనిక్ ఉండాల్సినదానికి ఐదారు రెట్లు వచ్చింది. ఎగిరి గంతేశాను. పేపర్ డ్రాఫ్ట్ కూడా రాసేశాను. జాలర్లు తాగే నీళ్ల గురించి ఒక పేరా, పత్రికలవాళ్లు పట్టుకునేలా. ఆ మిషన్ పరమాణువులను బరువును బట్టి లెక్కపెడుతుంది. ఆర్సెనిక్ బరువు 75. మిషన్‌లో మండేది ఆర్గాన్, దాని బరువు 40. నేను మట్టి కరిగించింది హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో, పైగా ఉప్పు కడగని మట్టి. క్లోరిన్ బరువు 35. నలభై, ముప్ఫై ఐదు కూడండి. నేను కనిపెట్టిన ఆర్సెనిక్‌లో ఎక్కువ భాగం నా యాసిడ్, ఆ సరస్సు ఉప్పు. పక్క బెంచీ అమ్మాయి "బ్లాంక్ కూడా ఎక్కువొచ్చింది కదక్కా" అని (బ్లాంక్ అంటే మట్టి వేయకుండా ఉత్త యాసిడ్‌తో చేసే శాంపిల్) అడిగి ఉండకపోతే అచ్చయిపోయేది. ఇప్పటి మిషన్లలో హీలియం సెల్ పెట్టి దీన్ని చాలావరకు తగ్గిస్తారు, అయినా ప్రతి పది శాంపిళ్లకి ఒక బ్లాంక్, ఒక రిఫరెన్స్ మట్టి (అంకెలు ముందే తెలిసినది) పెట్టడం మానకండి. ఏ ల్యాబ్‌కి డబ్బు కట్టి పంపినా, ఆ రిఫరెన్స్ మట్టిని మామూలు శాంపిల్ నంబరు వేసి మధ్యలో కలిపి పంపండి. వాళ్లకి చెప్పకండి.

తిరుపతి ఈ పనికి మంచి చోటు అని నేనంటే ఊరి మీద ప్రేమ అనుకుంటారేమో. పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు, 2022లో జిల్లాలు మారాక సూళ్లూరుపేట కూడా తిరుపతి జిల్లాలోకే వచ్చింది. ఈశాన్య రుతుపవనాల్లో కాళంగి, ఆరణి నదుల నీళ్లొచ్చి చప్పబడుతుంది, ఎండాకాలం ఉత్తరపు వైపు ఎండుతూ సముద్రం కన్నా ఉప్పెక్కుతుంది. సల్ఫేట్ ఏడాదిలోనే ఇంత మారే చోటు ల్యాబ్‌లో కట్టుకున్నా దొరకదు. మామూలు సముద్రపు మట్టిలో సేంద్రియ కార్బన్, పైరైట్ సల్ఫర్ నిష్పత్తి బరువులో సుమారు 2.8 అని బెర్నర్ చూపించాడు. మంచినీటి మట్టిలో సల్ఫేట్ చాలదు కాబట్టి అది చాలా ఎక్కువుంటుంది. పులికాట్‌లో లోతుకి పోతూ ఈ నిష్పత్తి ఎక్కడెక్కడ ఊగుతుందో చూడటమే ఒక మంచి ఎమ్మెస్సీ ప్రాజెక్టు.

పాత కాలం మీద ఆసక్తుంటే తిరుమల ఘాట్ రోడ్డు ఉంది. మొక్కుకి వెళ్లేవాళ్లు చూడకుండా దాటిపోయే గీత ఒకటి ఆ కొండ మీద ఉంది, కింద 250 కోట్ల ఏళ్లు దాటిన ఆర్కియన్ కాలపు గ్రానైట్, నైస్ రాళ్లు, పైన కడప బేసిన్ క్వార్ట్‌జైట్, మధ్యలో కోట్ల ఏళ్ల ఖాళీ. జియోలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. క్వార్ట్‌జైట్‌లో మీకు సల్ఫర్ పెద్దగా దొరకదు, కానీ అదే బేసిన్‌లో కోడూరు దాటితే మంగంపేట బెరైట్, అంటే బేరియం సల్ఫేట్, ఉంది. ఆ సల్ఫేట్‌లోని సల్ఫర్ ఐసోటోపులకు అప్పటి కథ తెలుసు. సల్ఫర్‌లో దాదాపు 95 శాతం బరువు 32 ఉన్నది, నాలుగు శాతం పైచిలుకు 34 ఉన్నది. బాక్టీరియా తేలికదాన్నే ఇష్టంగా తీసుకుంటుంది. ఇప్పటి సముద్రపు సల్ఫేట్ విలువ ప్లస్ 21 పర్ మిల్ (వెయ్యికి ఇంత అని లెక్క) ఉంటే దాన్నుంచి పుట్టిన పైరైట్ మైనస్ ఇరవై, ముప్ఫైల్లోకి దిగుతుంది. 2000లో ఫార్కర్ అనే శాస్త్రవేత్త బృందం ఇంకో వింత చూపించింది. దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందటి వరకూ ఉన్న రాళ్లలో ఈ ఐసోటోపులు బరువు లెక్కకు లొంగని తీరులో ఉన్నాయి, తర్వాత ఆగిపోయాయి. ఆక్సిజన్ లేని గాలిలోనే అలాంటి తీరు నిలుస్తుంది కాబట్టి, గాలిలోకి ఆక్సిజన్ వచ్చిందనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

ఇప్పుడు ఇంటివాళ్ల ప్రశ్న. వాళ్లని తప్పుపట్టకండి. జేఆర్ఎఫ్, అంటే నెట్ పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ వేరే. పీహెచ్‌డీ ఐదేళ్లనుకోండి, ఆ తర్వాత పోస్ట్‌డాక్, ఆ తర్వాతా పర్మినెంట్ ఉద్యోగం గ్యారంటీ కాదు. ఫెలోషిప్ లేకుండా మాత్రం దిగకండి, ఇది నా గట్టి అభిప్రాయం. ముప్ఫై దాటాక ఇంట్లో చేయి చాపుతూ మంచి సైన్స్ చేయలేరు. నెట్, గేట్‌తో పాటు యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష కూడా రాయండి. జియోలాజికల్ సర్వేలో, కేంద్ర భూగర్భ జల బోర్డులో పోస్టులు దాని ద్వారానే. సిలబస్‌లో చాలాభాగం మీరెలాగూ చదవాల్సిందే, గ్రూప్స్ కన్నా మీకు దగ్గర. ఇంట్లో కూడా "యూపీఎస్సీ" అంటే కాస్త ఊపిరి పీల్చుకుంటారు. ఇంకో దారి ఎవరూ చెప్పరు: ఐసీపీ-ఎంఎస్ మీద చేయి తిరిగినవాళ్లను హైదరాబాద్ మందుల కంపెనీలు తీసుకుంటాయి. మందుల్లో లోహాల మిగుళ్లు చూడాలనే ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) నిబంధన 24 మూలకాలకు ఉంది. నా స్టూడెంట్లలో ఇద్దరు అక్కడే ఉన్నారు, నాకన్నా మంచి జీతం.

మొదలు ఎక్కడ అంటే, ఈ చలికాలం ఎస్వీ యూనివర్సిటీలోనో, ఏర్పేడు దగ్గరి ఐసర్, ఐఐటీల్లోనో సెడిమెంట్ల మీద పనిచేసే మాస్టార్లకి ఒక పేజీ మెయిల్ రాయండి. "మీ దగ్గర పనిచేయాలని ఉంది" అని కాదు, వాళ్ల పేపర్ ఒకటి చదివి అందులో మీకు అర్థంకాని టేబుల్ గురించి అడగండి. అలాంటి మెయిల్‌కి నేను ఇప్పటిదాకా జవాబివ్వకుండా ఉండలేదు.

పులికాట్‌కి డిసెంబరు, జనవరిల్లో మాత్రం పోకండి. రాజహంసలుంటాయి, అది పక్షుల అభయారణ్యం, ఏ నెలలో అయినా అటవీశాఖ అనుమతి రాతపూర్వకంగా చేతిలో ఉండాలి. మార్చి ఆఖర్లో బీవీ పాళెం వైపు పడవవాళ్లని మాట్లాడుకుని, తెల్లవారుజామునే దిగండి. అడుగు ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ మోకాలిలోతు దిగుతుందో వాళ్లకే తెలుసు, వాళ్ల మాట వినండి. చేపల మార్కెట్లో పాత థర్మాకోల్ పెట్టె ఒకటి కొనుక్కోండి. కోర్ కోసిన మొదటి పది నిమిషాల్లో, పక్కన స్కేలు పెట్టి, నీడలో ఒక ఫొటో తీయండి. అది నాకు చూపించండి. ఎక్కడిదాకా నలుపు ఉందో చూసి, మూత సరిగా పెట్టారో లేదో చెప్తాను.